చదివి తిరిగిచ్చెయ్యి

మలంచాలో రైల్వే కుటుంబాలుండే మా వీధి తెలుగువాళ్లకు ఏదైనా రైలు భాషలో చెబితే తొందరగా ఎక్కుతుంది. పాత అమీగా కంప్యూటర్‌కి నేను రాసుకునే చిన్న ప్రోగ్రాముల సంగతీ అంతే. టోకెన్ పద్ధతి ఉన్న సింగిల్ లైను మీద, టోకెన్ చేతిలో ఉన్న డ్రైవరుదే ఆ సెక్షను. అవతలి స్టేషన్లో దాన్ని అప్పగించేదాకా ఇంకో బండికి దారి లేదు. 1985లో కమడోర్ కంపెనీ తెచ్చిన అమీగాలో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఈ పద్ధతిలోనే.

ఆ మిషన్ మెమరీ 256 కిలోబైట్లు, ప్రాసెసర్ వేగం 7 మెగాహెర్ట్జ్ పైచిలుకు. అంత ఇరుకులో సందేశాన్ని నకలు తీసి పంపడం దండగ అనుకున్నాడు దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ఎగ్జెక్ రాసిన కార్ల్ సాసెన్‌రాత్. సందేశం ఉన్నచోటే ఉంటుంది, దాని చిరునామా మాత్రం అవతలి ప్రోగ్రాం సందేశాలు అందుకునే పోర్టు దగ్గర వరసలో చేరుతుంది. అది చదివి తిరిగిచ్చేదాకా పంపినవాడు దాన్ని ముట్టుకోకూడదు. కాపలా ఎవరూ లేరు, అంతా మర్యాద మీదే నడవాలి.

"తిరిగివ్వకపోతేనో?" అన్నారు రిటైరైన గార్డు తాతగారు.

అక్కడే ఉంది తంటా. మౌస్ నొక్కిన ప్రతిసారీ సిస్టమ్ ఒక సందేశం పంపుతుంది. తిరిగి రాకపోతే కొత్తవి తయారు చేసుకుంటూ పోతుంది, మెమరీ కరిగిపోతుంది. తిరిగి రాకముందే పంపినవాడు ఆ చోటును ఇంకో పనికి వాడేస్తే, మిషన్ కుప్పకూలి నల్లటి తెర మీద ఎర్రటి పెట్టె మినుకుమనొచ్చు. దాని పేరు గురు మెడిటేషన్! అందుకే తెలిసినవాళ్లు కావలసిన వివరాలు పక్కన రాసుకుని, సందేశాన్ని వెంటనే తిరిగిచ్చేసి, ఆ తర్వాతే పని మొదలుపెడతారు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం 1987లో విలియం హాస్ తెచ్చిన ఏరెక్స్ అనే స్క్రిప్టు భాష. పోర్టుకి పేరు పెట్టి, ఏరెక్స్ ఆదేశాలు వినడానికి ఒప్పుకున్న ఏ ప్రోగ్రాంకైనా మామూలు అక్షరాల్లో పని చెప్పొచ్చు. బొమ్మల ప్రోగ్రాం ఒకరిది, అక్షరాల ప్రోగ్రాం ఇంకొకరిది, వాళ్లకు ముఖపరిచయం కూడా ఉండక్కర్లేదు. మధ్యలో పది వరసలు రాసి రెండింటినీ కలిపేది వాడుకునేవాడే. ఇవాళ నా ఫోన్లో షేర్ గుర్తు నొక్కితే ఒక జాబితా వస్తుంది. నాకు కావలసినది అందులో లేకపోతే, అలా పది వరసలు రాసి చేర్చుకోవడం నాకు అంత తేలిక కాదు.