చేతికొచ్చిన ఫోను, ఫోనుకెక్కని గోర్ బోలి

సెల్‌ఫోను గురించి మన రచయితలు రాసేవి ఎక్కువగా రెండు రకాలు. ఫోను వచ్చి తీజ్ పాటలు పోయాయని బాధపడేవి కొన్ని. ఫోను వల్ల తండాకు లోకం దగ్గరైందని మెచ్చుకునేవి కొన్ని. రెండింటిలోనూ నిజముంది. కానీ ఆ ఫోను ఎవరిని మనసులో పెట్టుకుని తయారైంది, అందులో మన చోటెక్కడ అన్న ప్రశ్న రెండూ అడగవు. ఈ వ్యాసంలో నేను అడగదలచింది అదే.

ముందు మేలు చెప్పుకోవాలి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా ధర పడిపోయింది. కొడంగల్, తాండూరు తండాల నుంచి బొంబాయి, పుణెలకు పనికి పోయినవాళ్లు ఇప్పుడు ఇంటికాడి ముసలివాళ్ల ముఖం చూస్తూ మాట్లాడుతున్నారు. అక్షరం రాని తల్లి కూడా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది. దానికి లిపి అక్కర్లేదు, గోర్ బోలిలోనే చెబుతుంది. అంటే మనవాళ్లకు యంత్రమంటే భయం లేదు. మాటను ఉన్నదున్నట్టు మోసినంతవరకు ఫోను మనదే. ఆ మాటను అర్థం చేసుకోవాల్సి వచ్చిన చోటే అది మనకు పరాయిదవుతుంది.

తెలుగు కీబోర్డు మీద గోర్ బోలి రాసి చూడండి. 'యాడి' అంటే అమ్మ అని మనకు తెలుసు. కీబోర్డుకు తెలియదు. తప్పు రాశామనుకుని 'యాది' అనో, ఇంకొకటో ముందుకు తోస్తుంది. నోటితో చెబితే రాసిపెట్టే సౌకర్యంలో తెలుగు ఎంచుకుని గోర్ బోలి మాట్లాడితే తెర మీద పడేది ఏ భాషా కాదు. పైగా తాండూరు దాటి కర్ణాటకలోకి పోతే ఇదే భాషను కన్నడ అక్షరాల్లో రాస్తారు, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. ఒకచోట రాసింది ఇంకోచోటి పిల్లలు చదవలేరు.

చిన్న భాష కదా, కంపెనీలు ఎందుకు పట్టించుకుంటాయి అంటారు కొందరు. లెక్క చూద్దాం. 2011 జనగణనలో లమాణీ/లంబాడీని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 32 లక్షలకు పైనే. ఐస్‌లాండ్ దేశ జనాభా మొత్తం 4 లక్షల లోపు. అయినా ఐస్‌లాండిక్ ఎన్నో ఏళ్లుగా గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఉంది. 2023 మార్చిలో ఓపెన్ఏఐ జీపీటీ-4ను విడుదల చేసినప్పుడు, ఆ భాషను దానికి మెరుగ్గా నేర్పేందుకు ఆ దేశ ప్రభుత్వంతో చేయి కలిపింది. 2024 జూన్‌లో గూగుల్ ఒకేసారి 110 భాషలు చేర్చింది. అందులో మన దేశానివి అవధీ, బోడో, ఖాసీ, కోక్‌బోరోక్, మార్వాడీ, సంతాలీ, తుళు. లంబాడీ లేదు. అంటే తూకం మనుషుల సంఖ్యతో కాదు, ఆ మనుషుల కొనుగోలు శక్తితో, వాళ్ల వెనక నిలబడే ప్రభుత్వంతో జరుగుతోంది. సంతాలీకి కూడా చోటు ఊరికే రాలేదు. రఘునాథ్ ముర్ము తయారుచేసిన ఓల్ చికి లిపి ఉంది, 2003లో ఎనిమిదో షెడ్యూలు దాకా తీసుకెళ్లిన పోరాటం ఉంది. మన భాషనేమో జనగణన పట్టికలో హిందీ కింద కలిపేశారు. హిందీలో కలిసిపోయిన భాషకు ఏ కంపెనీ అయినా విడిగా ఎందుకు ఖర్చు పెడుతుంది?

పిల్లలకు తెలుగు వస్తుంది, చాలదా అని ఇంకో మాట. ఫోను ఇష్టంతో కొనుక్కునే వస్తువుగా ఉన్నంతకాలం ఆ మాట చెల్లేది. ఇప్పుడది తప్పనిసరి అయింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి బడి పాఠాలు టీవీలోకి, ఫోనులోకి పోయాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయాలన్నారు. సిగ్నల్ లేక ఆ ఫొటో ఎక్కకపోతే ఎండలో తవ్విన మనిషి కూలికే ఎసరు. యాప్ నచ్చకపోతే మానేసే హక్కు వినియోగదారుడికి ఉంటుంది. కూలికి ఆ హక్కు లేదు. తెర మీద ఏం రాసుందో తెలియని యాడి తన ఓటీపీని ఎవరో ఒకరికి చెప్పుకోవాల్సిందే. మోసపోతే తప్పు ఆమెదే అంటారు.

దూరం వల్ల, గుట్టల వల్ల సిగ్నల్ రాదన్న సాకును వికారాబాద్ జిల్లాలో నమ్మడం కష్టం. సముద్రం లోపలి జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ కేంద్రానికి మన పూడూరు మండలం దామగుండం అడవిలోనే 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. ఆ సాంకేతికత వేరు, సెల్ టవర్ వేరని తెలుసు. కానీ పాలకులు అవసరమనుకుంటే ఏ దూరమూ అడ్డు కాదని తేలింది. మన అవసరం వాళ్లకింకా అవసరంగా కనిపించలేదు.

వాళ్లను అడగడంతో పాటు మనం చేసుకోవాల్సినవీ ఉన్నాయి. ఒకే మాటను నలుగురు కవులం నాలుగు రకాలుగా రాస్తున్నాం. ముందు రాత పద్ధతి మీద కూర్చుని ఒక మాట అనుకోవాలి. ముసలివాళ్ల పాటలు, కథలు వాళ్ల ఒప్పుకోలుతో, వాళ్ల పేర్లతో రికార్డు చేయాలి. అవి తండా చేతిలోనే ఉండాలి. రేపు ఏ కంపెనీ అయినా అడిగితే ఊరికే ఇచ్చేయకూడదు. 2027 జనగణనకు మనిషి ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష అన్న చోట తెలుగు అనో హిందీ అనో రాయనివ్వకూడదు. లంబాడీ అని చెప్పాలి, అలాగే రాశారో లేదో చూడాలి. ఫోను కొన్నప్పుడు మన రూపాయి చెల్లింది. మన మాట కూడా చెల్లాలంటే ముందు అది లెక్కలోకి ఎక్కాలి.