చిన్న బల్లపై రైలుమార్గము: రెండు పథకముల విమర్శ

నమూనా రైలుమార్గమును నిర్మింపదలచిన వానికి మొదట ఎదురగు కొరత స్థలము. బ్రిటనులో విశేష ప్రచారము గల ఓఓ స్కేలులో అసలు వస్తువుయొక్క ఒక అడుగునకు నమూనాలో 4 మిల్లీమీటర్లు. అనగా నమూనా అసలులో 76.2వ వంతు. ఇంతగా కుదించినను ఒక మైలు మార్గమునకు 21 మీటర్లకు పైగా చోటు కావలెను. సామాన్య గృహములో అంత పొడవు గల గది ఉండదు. కనుక ఇంటిలో కట్టెడి ప్రతి నమూనాయందును కొంత విడిచిపెట్టక తప్పదు. దేనిని విడువవలెను, దేనిని నిలుపుకొనవలెను అనునదే ఇచ్చటి అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు బ్రిటనులో రెండు ప్రసిద్ధ సమాధానములు వెలువడినవి. సిరిల్ ఫ్రీజర్ 1957లో 'రైల్వే మోడలర్' పత్రికయందు ప్రకటించిన 'మైనరీస్' పథకము ఒకటి. ఆలన్ రైట్ కూర్చిన 'ఇంగిల్‌నుక్ సైడింగ్స్' రెండవది. ఈ రెండును నేటికిని అభిమానులచే మరల మరల కట్టబడుచున్నవి. అట్టి ఆదరణకు అవి ఎంతవరకు తగినవో పరీక్షింపవలసి ఉన్నది.

పొడవును కత్తిరించుట సులభము. వంపును కత్తిరించుట అంత సులభము కాదు. మన దేశపు బ్రాడ్‌గేజి మార్గములలో అనుమతింపబడు మిక్కిలి తీవ్రమైన వంపు 10 డిగ్రీలది. దాని వ్యాసార్ధము 175 మీటర్లు. దానిని ఓఓ స్కేలునకు కుదించినచో 2.3 మీటర్లగును. రైలు ఒక్క చుట్టు తిరుగుటకు 4.6 మీటర్ల వెడల్పు కావలెనన్న మాట! ఆటవస్తువుగా అమ్మెడి పట్టాలలో వ్యాసార్ధము 44 సెంటీమీటర్ల ప్రాంతముననే ఉండును. ఇది అసలు కొలతలో 33.5 మీటర్లకు సమానము.

ఇందలి చిక్కు ఒక చిన్న లెక్కవలన తెలియును. వంపుపై నిలిచిన రైలుపెట్టె నడుము పట్టాల మధ్యరేఖనుండి కొంత లోపలికి జరుగును. రెండు బోగీల మధ్య దూరమును వర్గించి, వ్యాసార్ధమునకు ఎనిమిదింతలచే భాగించినచో ఆ జరుగుబాటు వచ్చును. బోగీల మధ్య 14 మీటర్లున్న పెట్టె 175 మీటర్ల వంపుపై సుమారు 14 సెంటీమీటర్లు మాత్రమే జరుగును. 33.5 మీటర్ల వంపుపై అదే పెట్టె 73 సెంటీమీటర్లు జరుగును! పెట్టె కొనలు ఇందుకు విరుద్ధముగా వెలుపలికి జరుగును. ఒక వంపు ముగిసిన వెంటనే ఎదురు వంపు ప్రారంభమైనచో, పక్కపక్క పెట్టెల కొనలు ఒకటి ఎడమకు, మరొకటి కుడికి పోవును. అప్పుడు కొక్కెములు బిగుసుకొని పెట్టెలు పట్టాలు తప్పును. చిన్న నమూనాలలో ప్రమాదములకు ఇట్టి జంటవంపులు ఒక ముఖ్య కారణము.

ఫ్రీజర్ ప్రతిభ ఇచ్చటనే కనబడును. మైనరీస్ అనునది లండనులోని ఒక వీధి పేరు. ఆయన ఆ పేరుతో ఊహించినది జంటమార్గము వచ్చి ముగిసెడి నగరపు చివరి స్టేషను. దానికి మూడు ప్లాట్‌ఫారములు. రెండు మార్గములనుండి మూడింటికిని రైళ్లు రాకపోకలు సలుపుటకు ఆరు పాయింట్లు చాలినవి. ఆ పాయింట్లను ఆయన పొదిగిన క్రమములో చాలా దారులయందు జంటవంపు తొలగిపోయినది. వచ్చిన రైలు ఇంజను ప్లాట్‌ఫారము కొనలో చిక్కుకొనును. మరియొక ఇంజను వెనుకనుండి వచ్చి పెట్టెలను కొనిపోవును. అప్పుడు మొదటిది విడుదలయై తరువాతి రైలునకు సిద్ధమగును. ఒక బల్ల వెడల్పులో ఇంత పని ఇమిడినది!

అయినను ఈ పథకమునందు లోపములు లేకపోలేదు. పైకి కనబడు పొడవు దాని పూర్తి పొడవు కాదు. స్టేషనునుండి బయలుదేరిన రైలు ఎచ్చటికో పోవలెను గదా! అందుకై తెర వెనుక రైళ్లు దాగుటకు ఇంచుమించు మరల అంత చోటు కావలెను. రెండవది, ఇంజనులను మార్చెడి ఈ సందడి అంతయు ఒక కాలపు రైల్వేకు చెందినది. రెండు కొనలందును డ్రైవరు గది గల రైలును దీనిపై నడిపినచో, అది వచ్చును, పోవును. అంతటితో పని ముగియును.

రైట్ పథకము ఇంకను పొదుపైనది. దానికి నాలుగైదు అడుగుల పలక, రెండు పాయింట్లు చాలును. మూడు సైడింగులు గలవు: ఒకటి ఐదు వాగన్లకు, తక్కినవి మూడేసి వాగన్లకు సరిపోవును. ఇంజను వెనుకకు ముందుకు కదలెడి దారిలో ఇంజనుతోపాటు మూడు వాగన్లకే తావు కలదు. ఉన్న వాగన్లు ఎనిమిది. చీట్లు తీసి ఐదింటిని ఎన్నుకొని, తీసిన వరుసలోనే వానిని రైలుగా కూర్చవలెను. మొదటి వాగను ఎనిమిది విధములుగ, రెండవది ఏడు విధములుగ, ఇట్లు ఐదవది నాలుగు విధములుగ రావచ్చును. వీనిని గుణించినచో 6,720 వరుసలగును. దినమునకొకటి చొప్పున కూర్చినను పదునెనిమిది సంవత్సరములు దాటును! మూడు వాగన్ల ఇరుకు దారియే ఈ ఆటకు ప్రాణము. దానిని పొడిగించినకొలది చిక్కు సడలిపోవును.

కాని చీటీ చెప్పిన వరుసకు కారణమేమి? దీనికి పథకమునందు సమాధానము లేదు. అసలు రైల్వేలో షంటింగు ఊరక జరుగదు. దారిలోని స్టేషనులలో వాగన్లను విడిచిపోవు గూడ్సు రైలును, ఏ వాగను ఎచ్చట దిగవలెనో చూచి, అందుకు అనుకూలమైన వరుసలో కూర్తురు. ఈ ప్రయోజనమును తీసివేసినచో మిగులునది మంచి గణితక్రీడయే కాని రైల్వే కాదు. వాగన్ల బదులు రంగుల పూసలున్నను ఆట ఇట్లే సాగును.

ఈ లోపమునకు సులభమైన చికిత్స కలదు. చీటీపై వాగను సంఖ్యకు బదులు గమ్యస్థానమును వ్రాయవచ్చును. ఐదింటిలో రెండు వాగన్లు ఒకే ఊరికి పోవలసినవైనచో వానిలో ఏది ముందున్నను సరియే. అందువలన ఆ ఐదింటికి సాధ్యమగు 120 వరుసలు 60 జతలుగా కలిసిపోవును. చిక్కు కొంత తగ్గినను ప్రతి కదలికకు ఒక కారణము ఏర్పడును.

రెండింటిని తూచినపుడు మైనరీస్‌దే పైచేయి అని చెప్పవలసి ఉన్నది. రైట్ పథకములో నియమము ఆటకొరకు కల్పింపబడినది. ఫ్రీజర్ పథకములో ఇంజను చిక్కుకొనుట, ప్లాట్‌ఫారము ఖాళీ అగువరకు మరియొక రైలు వేచియుండుట మొదలైనవి రైల్వేలో నిజముగా జరుగు పనులే. దానిని నడపిన బాలునకు స్టేషను బయట రైలు ఏల ఆగునో తనంతట తెలియును. అయినను రెండు దినములలో కట్టదగిన పలకగా ఇంగిల్‌నుక్ ఉపయోగమును కాదనరాదు.

ఈ రెండును కలసి నేర్పు పాఠము ఒకటే. సంపూర్ణమైన పోలిక ఓఓ స్కేలునందే లేదు: అసలు ప్రామాణిక గేజి 1,435 మిల్లీమీటర్లు కుదించినచో 18.83 కావలసియుండగా, పట్టాల మధ్య దూరము 16.5 మాత్రమే. కొలతలోనే రాజీ ఉన్నపుడు కొండలు, సొరంగములు, నాలుగు స్టేషనులు ఒక్క బల్లపై కుక్కుట వ్యర్థము. నమూనా కట్టదలచినవారు పట్టాలు కొనుటకు పూర్వము, తమ రైల్వే చేయవలసిన పని ఏదో ఒక్క వాక్యములో కాగితముపై వ్రాసికొనవలెను. ఆ పనికి అక్కరలేని పాయింటు ఎంత అందమైనదైనను దుకాణములోనే ఉండుట మేలు.