నడక – చదువు : ఒక విమర్శ

2020వ సంవత్సరపు జాతీయ విద్యా విధానము ఆటలను పాఠములతో మేళవింపవలెనని సూచించినది. పిల్లలను నడిపించినచో చదువు దానంతటదే వచ్చునని కొందరు ఉత్సాహపడుచున్నారు. ఇందులో నిజమెంత?

2009లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హిల్‌మన్, ఆయన సహచరులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. సుమారు తొమ్మిదిన్నర ఏండ్ల పిల్లలను 20 మందిని ట్రెడ్‌మిల్‌పై 20 నిమిషములు నడిపించి, గుండె వేగము తగ్గిన పిమ్మట పరీక్షించిరి. ఊరక కూర్చున్న దినముకంటె నడచిన దినమున వారి ఏకాగ్రత, చదివినది గ్రహించు శక్తి మెరుగుగా కనిపించినవి. కాని నడక పరీక్షకు ముందు జరిగినది. నడచుచు ఎవరును పాఠము నేర్చుకొనలేదు. ఇరువది మందిపై ఒక పూట కనిపించిన ఫలితము ఏడాది చదువుకు హామీ కాజాలదు.

2016లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధన ఇంతకంటె గట్టిది. రెండు, మూడు తరగతుల పిల్లలు 499 మంది అందులో పాల్గొనిరి. కొన్ని తరగతులవారు వారమునకు మూడు మారులు గెంతుచు, కదలుచు లెక్కలు, భాష అభ్యసించిరి. రెండేండ్లకు వారు గణితమున, వర్ణక్రమమున మిగిలినవారిని మించిరి. చదువుటలో మాత్రము భేదము లేదు. అక్షరమునకొక గెంతు వేయవచ్చును గాని, కథను తలపోయుటకు నిలకడ కావలెను గదా! ఇది నా ఊహ మాత్రమే.

మా ఉక్కునగరపు సెక్టార్లలో నీడగల బాటలున్నవి. నూరు మీటర్లకు తన అడుగులెన్నియో పిల్లవాడు మూడు మారులు లెక్కించి సగటు తీసినచో, అడుగు పొడవు తేలును. దానితో బడి ఆవరణ చుట్టుకొలతను అంచనా వేసి, టేపుతో సరిచూడవచ్చును. ఇక్కడ నడక లేనిదే లెక్క లేదు. వరుసలో నడిపించుచు ఎక్కములు వల్లె వేయించుట అట్టిది కాదు; అందు నడకకును లెక్కకును పొత్తు లేదు.

అసలు ప్రమాదము వేరొకటి కలదు. పాఠములోనే నడక ఉన్నది గదా యని ఆటల పీరియడును పరీక్షల చదువుకు మళ్లించుట సులభము. 5–17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. వారమునకు మూడు పాఠములు దానిని తీర్చజాలవు. మార్కులు పెరిగినను పెరుగకున్నను పిల్లలు ఆడవలెను, నడవవలెను. ఈ సంగతి మరువని ఉపాధ్యాయుని చేతిలోనే కొత్త పద్ధతి మేలు చేయును.