నూటికి 99.9 పాళ్ల నమ్మకము

వెబ్‌సైటులకు చోటు అద్దెకిచ్చు సంస్థల ప్రకటనలలో ఒక అంకె తరచుగా కనబడును: 99.9 శాతము. వారి సర్వర్ అంత నిక్కముగా పనిచేయునని దాని భావము. సర్వర్ అనగా రేయింబవళ్లు మేలుకొనియుండి, అడిగినవారికి మన పుటలను అందించు కంప్యూటరు. పాఠశాల కొక వెబ్‌సైటు ఏర్పరచదలచిన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉపాధ్యాయులు ఈ అంకెను చూచి సంస్థను ఎన్నుకొన్నచో పొరపాటు పడుదురని నా అభిప్రాయము.

ముందు లెక్క చూతము. సంవత్సరమునకు 8,760 గంటలు. అందు వేయింట ఒక వంతు, అనగా సుమారు 8 గంటల 45 నిమిషములు, సర్వర్ నిలిచిపోయినను మాట నిలుపుకొన్నట్లే. ఆ గంటలు అర్ధరాత్రి వచ్చిన నష్టము లేదు. పదవ తరగతి ఫలితములు వెలువడు నాడే వచ్చిననో? శాతమునకు ఈ భేదము తెలియదు. పైగా ముందుగా తెలిపి మరమ్మతుకై ఆపిన కాలమును పెక్కు ఒప్పందములు లెక్కింపవు. మాట తప్పినచో ఇచ్చు పరిహారము సాధారణముగా అద్దెలో కొంత భాగము. నెల అద్దె 200 రూపాయలయి, అందు పదవ వంతు తగ్గించిరనుకొనుడు. మనకు దక్కునది 20 రూపాయలు.

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. సర్వర్ ఎంతసేపు పనిచేసినదో ఈ అంకె చెప్పును గాని, అందు దాచిన సమాచారము క్షేమముగా నుండునా యను ప్రశ్న దాని పరిధిలోనే లేదు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓవీహెచ్ అను పేరుపడిన సంస్థ భవన మొకటి పూర్తిగా కాలిపోయినది. లక్షలాది వెబ్‌సైటులు నిలిచిపోయినవి. కొందరు ఖాతాదారుల నకళ్లు కూడ ఆ ఆవరణలోనే యుండుటచే మూలముతోపాటు నకలు బూడిదయినది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా కేంద్రమున బ్యాటరీల నుండి మంటలు లేచి, ఉద్యోగుల దస్తావేజులు 858 టెరాబైట్లు నశించినవి. వాటికి బయట నకలే లేదు!

మన గొలుసుకట్టు చెరువులను తలచుకొనుడు. ఎగువ చెరువు అలుగు పారిన నీరు దిగువ చెరువునకు చేరును. ఎగువ కట్ట తెగినచో ఆ వరద దిగువ కట్టను కూడ తెంపవచ్చును. రెండు చెరువులున్నవి గదా యను ధీమా ఆ రాత్రి పనికిరాదు. ఒకే చోట నుంచిన మూలము, నకలు ఇట్టివే.

సర్వర్ దగ్గరగా నుండవలెనని కొందరందురు. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండిన షాద్‌నగర్ పరిసరములలో మైక్రోసాఫ్ట్ సంస్థ డేటా కేంద్రములకై భూములు కొన్నది. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున మూడు వేరువేరు మండలములతో తన కేంద్రములను ప్రారంభించినది. మంచిదే. కాని గాజు తీగలో కాంతి సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదు నుండి నల్లగొండకు సుమారు 100 కిలోమీటర్లు. సెకనులో రెండువేలవ వంతు చాలును. పదివేల కిలోమీటర్ల ఆవల నున్నను ఒక ప్రయాణమునకు ఇరువదవ వంతే. సెలవుల జాబితా చూచుకొనువారికి ఈ భేదము అంతగా పట్టదు. మరియొక సంగతి: సంస్థకు మూడు చోట్లున్నంత మాత్రమున మన పుట మూడింటను ఉండదు. ఒక్క యంత్రమును అద్దెకు తీసికొన్నచో అది ఒక్క చోటనే యుండును.

కనుక మొదట అడుగవలసినది, నకలు ఎచ్చట నుంచెదరని. నేనొక సంస్థవారిని ఇట్లడుగగా "క్లౌడ్‌లో" అనిరి. ఆ మేఘము ఏ యూరి మీద నున్నదో చెప్పలేకపోయిరి. తరువాత, ఆ నకలును మనమే దించుకొనుటకు వీలున్నదా యని అడుగవలెను. వీలున్నచో దించి, వేరొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తెలుగువారికి ఈ పరీక్ష మరింత అవసరము. ఇప్పుడు వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేత మొక్కొక్కటి మూడు బైట్లు పట్టును. లాటిన్ లిపికి మాత్రమే అమర్చిన పట్టికలో దానిని పోసినచో అక్షరముల స్థానమున వరుసగా ప్రశ్నార్థకములు నిలుచును. అవి మరల అక్షరములు కావు; కావున పాత సంస్థకు అద్దె మానుటకు ముందే ఈ పని ముగింపవలెను. వెబ్‌సైటు పేరు దానిని తయారుచేసిన వ్యక్తి పేరిట గాక పాఠశాల పేరిట నమోదయినదో లేదో కూడ అప్పుడే చూచుకొనవచ్చును.