గాలక్టోసీమియా – చుంచెలుక సాక్ష్యము

పిల్లలను కన్న జంతువునకు సంతాన సామర్థ్యములో లోపము లేదని తలచుట సహజము. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో గాలక్టోసీమియా అను వంశపారంపర్య వ్యాధి విషయమున పరిశీలింపదగియున్నది.

పాలలోని చక్కెర పేగులలో గ్లూకోజు, గాలక్టోజు అను రెండు చక్కెరలుగా విడిపోవును. గాలక్టోజును శరీరము వినియోగించుకొనుటకు కొన్ని ఎంజైములు వరుసగా పనిచేయవలెను. అందు ‘గాల్ట్’ ఒకటి. తల్లినుండియు తండ్రినుండియు లోపమున్న జన్యువే సంక్రమించిన శిశువులో ఇది పనిచేయదు. గాలక్టోజు-1-ఫాస్ఫేటు కణములలో పేరుకొనును. వెంటనే పాలు మాన్పించినచో శిశువు ప్రాణము దక్కును.

కాని 1981లో అమెరికా వైద్యులు ఈ వ్యాధిగల 18 మంది స్త్రీలను పరీక్షింపగా, 12 మందిలో అండాశయములు సరిగా పనిచేయుట లేదని తేలినది. పాలు మానినను ఈ కీడు ఏల కలుగుచున్నది? సమాధానము కొరకు శాస్త్రజ్ఞులు చుంచెలుకలను ఆశ్రయించిరి.

1996లో గాల్ట్ లేని చుంచెలుకలను సిద్ధపరచిరి. వాని కణములలో గాలక్టోజు-1-ఫాస్ఫేటు హెచ్చుగనే ఉన్నది. అయినను అవి చక్కగా పెరిగినవి, పిల్లలను కన్నవి. మానవ వ్యాధి లక్షణములు వానిలో కానరాలేదు. దీనినిబట్టి ఈ వ్యాధి పరిశోధనకు చుంచెలుక తగదని చెప్పవచ్చునా?

అట్లు చెప్పుట తొందరపాటు. కన్నదా, లేదా అనునది ఒక ప్రశ్న. ఎన్ని కన్నది, గర్భము దాల్చుటకు ఎంతకాలము పట్టినది అనునవి వేరు ప్రశ్నలు. చుంచెలుక ఒక ఈతలో అనేక పిల్లలను కనును. కావున సామర్థ్యము కొంత తగ్గినను ఈత ఆగదు. లెక్కించినగాని ఆ తగ్గుదల బయటపడదు.

2014లో మరియొక పద్ధతిని గాల్ట్ లేకుండ చేసిన చుంచెలుకల వివరములు వెలువడినవి. ఆరోగ్యముగల తోబుట్టువులతో పోల్చి లెక్కింపగా, ఈ ఆడ ఎలుకల ఈతలలో పిల్లలు తక్కువ. గర్భధారణకు పట్టిన కాలము ఎక్కువ.

ఇంతమాత్రమున చుంచెలుక మానవ వ్యాధికి అచ్చమైన ప్రతిబింబమని భావింపరాదు. దాని ఆయువు సుమారు రెండేండ్లు. స్త్రీ అండాశయములలో పదుల ఏండ్లపాటు జరుగు మార్పులను అది పూర్తిగా చూపజాలదు.

సామర్థ్యము తగ్గుట వేరు, లేకుండుట వేరు. ఈ భేదము మనుష్యులకును వర్తించును. గాలక్టోసీమియా గల స్త్రీలలో కొందరు సహజముగనే గర్భము దాల్చి తల్లులైనారు. అందుచేత ఈ వ్యాధి గల బాలికకు సంతానము కలుగనే కలుగదని ముందుగనే తీర్పు చెప్పుట, ఆహార నియమమున్నది గనుక భయము లేదనుట – రెండును శాస్త్రసమ్మతములు కావు.