ఒక ఇంటి కథ ఎంతవరకు సాక్ష్యం?

సొంత అనుభవాల కథల్ని కూడా విద్యా పరిశోధనకి ఆధారంగా తీసుకోవచ్చని కెనడా విద్యావేత్తలు కానెలీ, క్లాండినిన్ 1990లో ఒక వ్యాసంలో వాదించారు. అలాంటి కథల బలమూ, పరిమితీ రెండూ నాకు రిచర్డ్ రోడ్రిగెజ్ ఆత్మకథ ‘హంగర్ ఆఫ్ మెమరీ’ (1982)లో కనిపిస్తాయి.

ఆయన తల్లిదండ్రులు మెక్సికో నుంచి వచ్చినవారు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని శాక్రమెంటోలో బడి నడిపే సన్యాసినులు ఇంటికొచ్చి అడిగితే వాళ్ళు ఒప్పుకున్నారు. పిల్లవాడు చదువులో పైకొచ్చాడు. తండ్రి మాత్రం దాదాపు మౌనంలోకి వెళ్ళిపోయాడు. ఇంత చెప్పీ రోడ్రిగెజ్ బడుల్లో ద్విభాషా బోధన వద్దంటాడు.

నా అభ్యంతరం ఇక్కడే. ఇంగ్లీషు రావాలంటే ఇంటిభాష వదలక తప్పదని ఆ కథ నిరూపించదు. రెండు భాషలూ నిలుపుకున్న ఇల్లు పోల్చుకోవడానికి అందులో లేదు. వదిలేస్తే ఏం పోతుందో మాత్రం ఏ లెక్కలూ చెప్పలేనంత స్పష్టంగా చెబుతుంది. తండ్రి మౌనం గురించి కూడా మనం కొడుకు మాటల్లోనే వింటాం.

ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలు బడిలో వెనకబడతారని ఫలానావారి అబ్బాయి కథ చెప్పేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఆ కథ వినాల్సిందే. తెలుగు మానెయ్యాలని తేల్చేముందు ఆ అబ్బాయినీ, ఫోన్లో అతనితో మాట కలవని అమ్మమ్మనీ కూడా అడగాలి.