అటక మీది కొడవలి, అరలోని బేరింగు

కోనసీమ ఇళ్లలో కోతలయ్యాక కొడవలి ఎక్కడికి చేరేదో మీకు చెప్పక్కర్లేదు. మా దొడ్డమ్మ అలుగంతా ఆముదం పట్టించి, గుడ్డపీలిక చుట్టి వంటింటి అటకెక్కించేది. రాజమండ్రిలో పంపుసెట్ల సామాను అమ్మే కొట్టు అరలోనూ అదే ఇనుము, అదే గోదావరి గాలి. కాకపోతే అక్కడ బేరింగుకు జిడ్డు పూత, దాని మీద కాగితం, ఆపైన సీలు వేసిన ప్లాస్టిక్ సంచి.

గాలిలో తేమ 60 శాతం దాటిందంటే కంటికానని నీటిపొర ఇనుము మీద పరుచుకుంటుంది, తుప్పు మొదలవుతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి అంత తేమ కూడా అక్కర్లేదు.

అటక బలం ఆముదంలో కన్నా పొయ్యిలో ఎక్కువుందని నా అనుమానం. రెండు పూటలా కట్టెల పొయ్యి మండితే పైన గాలి వేడెక్కి పొడిబారేది. గ్యాసు వచ్చి, అటక కాస్తా స్లాబు కింద చల్లటి గూడయ్యాక అదే ఆముదం రాసిన కత్తికి తుప్పు పడుతోందంటే ఆముదాన్నేం అంటాం?

కొట్టులో పొయ్యి లేదు గనక సిలికాజెల్ పొట్లం తేమ లాగుతుంది. అలాగే బేరింగుకు చుట్టే వి.సి.ఐ. కాగితానికి పట్టించిన తుప్పునాపే మందు మెల్లగా ఆవిరై, సంచిలో సందుసందుకీ తిరిగి లోహం మీద పలుచగా కూర్చుంటుంది. గుడ్డపీలిక దూరని గాడిలోకి ఆవిరి దూరుతుంది. ఇక్కడ దొడ్డమ్మ ఓడినట్టే. అయితే సంచికి చిన్న చిల్లు పడితే ఆ మందు ఎగిరిపోతుంది, అరలో ఉన్నదాన్ని ఎవరూ విప్పి చూడరు. కొడవలి మాత్రం ప్రతి కోతకీ చేతికొస్తుంది, చుక్క కనబడితే ఇటుకపొడితో రుద్దేవారు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్లు నిల్వ తుపాకులకు కాస్మొలిన్ అనే చిక్కటి జిడ్డు పూసేవారు. దాన్ని వదిలించడమే సైనికులకు పెద్ద పని. ఆముదంతో ఆ బెడద లేదు, నాలుగు పనలు కోసేసరికి అదే తుడుచుకుపోతుంది.

నిరుడు వానాకాలం ఒక కొట్టులో బేరింగు పొట్లం విప్పితే పై రింగు మీద గోధుమరంగు వేలిముద్ర, గీతలతో సహా. ఎవరో బేరానికి విప్పి చూపించి, చెమట చేత్తో అలాగే చుట్టి పెట్టారు. దొడ్డమ్మ కూడా కొడవలికంటిన పచ్చిగడ్డి పసరు ఊకతో రుద్ది, ఎండలో ఆరాకే ఆముదం గిన్నె తీసేది. తొందరపడి తడి మీద పూసిన ఏడు అటక మీదా తుప్పే. నూనె గానీ కాగితం గానీ తడిని తరమవు, లోపలే మూసేస్తాయి.

కాలువలు వదలకముందే మీ ఇంట్లోని పంపుసెట్టు స్పేర్లు ఓసారి విప్పి చూడండి. పొట్లం చిరిగి ఉంటే కిరసనాయిలుతో కడిగి, బాగా ఆరాక కొత్త గ్రీజు రాయండి. వాడేసిన ఇంజనాయిలు మాత్రం పూయకండి, అందులో ఆమ్లాలుంటాయి.